వస్తాదు, ఫైటరు, మాస్టరు: తెలుగు చలనచిత్రములలో సామువిద్య నేర్చినవారి వృత్తి

తెలుగు చలనచిత్ర పరిశ్రమలో వాడుకయందున్న వృత్తిపదములలో 'ఫైటరు' అనునది విచిత్రమైన మాట. ఆంగ్లమున పోరాడువాడని దాని యర్థము. కాని తెరమీద పదిమందిని మట్టి కరపించు కథానాయకుని ఎవ్వరును ఫైటరనరు, అతడు హీరో. అతని చేత దెబ్బలు తిని, బల్లలమీదను, గాజుతలుపులమీదను, కూరగాయల బండ్లమీదను కూలి, దృశ్యము ముగియువఱకు లేవక పడియుండువాడే ఫైటరు. పోరు గెలిచినవానికి కాక ఓడినవానికి ఈ పేరు దక్కుట పైకి వింతగా తోచును. వృత్తిస్వరూపమును విచారించినచో ఇది సార్థకనామమే యని తేలును. తెరమీది పోరును నిర్వహించువాడు కొట్టువాడు కాడు, పడువాడు. సాము నేర్చిన యువకుడు ఫైటరై, డూపై, సహాయకుడై, తుదకు ఫైట్ మాస్టరగు మార్గమంతయు ఈ యొక్క విషయమును నేర్చుకొనుటలోనే గడచును.

చలనచిత్రమునకు పూర్వము తెలుగునాట దేహబలమును, ఆయుధవిద్యను అభ్యసించినవారికి పేర్లు పెక్కు గలవు. జెట్టి, మల్లుడు, పహిల్వాను, వస్తాదు అనునవి వానిలో కొన్ని. అభ్యాసమునకు సాము అనియు, అభ్యాసస్థలమునకు గరిడి యనియు, తాలింఖానా యనియు వ్యవహారము. వీనిలో రెండు మాటల చరిత్ర ప్రకృతవిషయమునకు ఉపకరించును. తాలింఖానాలోని మొదటి భాగము బోధన యను నర్థముగల అరబ్బీ పదము. వస్తాదు అనునది పారశీకమునందలి 'ఉస్తాద్', అనగా గురువు. హిందూస్థానీలో నేటికిని సంగీతవిద్వాంసుడు మొదలుకొని దర్జీ వఱకు పని నేర్పు ప్రతివాడును ఉస్తాదే. తెలుగులోనికి వచ్చిన పిదప ఆ మాట బోధనార్థమును చాలవఱకు జారవిడిచి, కండలు తిరిగిన బలశాలి యను నర్థమున స్థిరపడినది. వస్తాదనగానే తెలుగువాని మనసునకు తోచునది శిష్యగణము కాదు, మీసము. గురువును చెప్పు మాట బలశాలిని చెప్పసాగిన తరువాత చిత్రపరిశ్రమకు గురువు కొఱకు వేఱొక మాట కావలసివచ్చెను. బడిపంతులును చెప్పు 'మాస్టరు' అట్లు వచ్చి చేరినది. డాన్సు మాస్టరు, ఫైట్ మాస్టరు అను జంటమాటలలో నేర్పుట యను నర్థము తిరిగి తలయెత్తినది. వస్తాదు పోగొట్టుకొన్న యర్థమును మాస్టరు సంపాదించినాడనవచ్చును.

గరిడి యింకను జీవించియున్న విద్య. విజయనగరమందలి పైడితల్లి అమ్మవారి ఉత్సవమునను, ఉత్తరాంధ్రమునందలి యితర జాతరలలోను సాముగరిడీ బృందములు కఱ్ఱసాము, కత్తిసాము ప్రదర్శించుట పరిపాటి. పీర్ల పండుగ ఊరేగింపులలోను కఱ్ఱసాము కానవచ్చును. ఇవి ప్రదర్శనలే యైనను, ప్రదర్శింపబడు శక్తి నిజమైనది. ఈ నిజమునకు పూర్వసాక్ష్యము గట్టిగా నున్నది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవములలోని మల్లయుద్ధములను వర్ణించుచు, అక్కడి దెబ్బలకు పండ్లూడుటయు, కన్నులు పోవుటయు, మాట పడిపోయినవారిని మిత్రులు మోసికొనిపోవుటయు తెల్పినాడు. దెబ్బ తగులుటయే అక్కడి వేడుక.

వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఈ సత్యబలప్రదర్శనకు ఇరువదవ శతాబ్దమునందలి పరాకాష్ఠ. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సొంత సర్కసు నెలకొల్పి, ఇనుపగొలుసులు త్రెంపుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, కదలబోవు మోటారుకార్లను పట్టి ఆపుట మున్నగు కార్యములచే కలియుగభీముడను ప్రశస్తి నార్జించెను. 1942లో మరణించెను. ఆయన జీవితమున గమనింపదగినది వృత్తిమార్గము. గరిడినుండి పాఠశాలకు, పాఠశాలనుండి గుడారమునకు సామువిద్య నడచినది. మొదటిచోట గౌరవము, రెండవచోట జీతము, మూడవచోట చీటీ వసూళ్ళు. అయినను గుడారములో కూర్చున్న ప్రేక్షకుడు కోరినది ఒక్కటే: గొలుసు నిజమైనది కావలెను. గొలుసులో మోసమున్నదని తెలిసినచో ఆ ప్రదర్శనకు విలువ లేదు.

చలనచిత్రము ఈ సంబంధమును తలక్రిందులు చేసినది. అక్కడ దెబ్బ నిజమైనచో అది తప్పు. తగిలినచో ముఖము వాచును, చిత్రీకరణ నిలిచిపోవును, తిన్నవాడు మరునాడు పనికి రాజాలడు. తగులకయే తగిలినట్లు కనబడవలెను. సాముగరిడిలోని 'గరిడి'కిని, ఇంద్రజాలమను నర్థముగల 'గారడి'కిని ఉచ్చారణసామ్యమే గాని సంబంధము చెప్పుటకు వీలులేదు. కాని స్టూడియోలో మొదటిది రెండవదానిగా మారినదని చెప్పిన తప్పు కాదు.

ఈ గారడి జరుగు తీరును కొంత వివరింపవలసియున్నది. కెమెరాకు కన్ను ఒక్కటే. దానికి లోతు తెలియదు. పిడికిలి ముఖమునకు జానెడు దూరమున పోయినను, కెమెరా, పిడికిలి, చెంప ఒకే రేఖలో నున్నచో నడుమనున్న ఎడము తెరమీద కనబడదు. అమెరికాలో రోడియో పందెములలో గుఱ్ఱపుస్వారికి పేరుపొంది చిత్రములలో ప్రవేశించిన యాకిమా కనట్, 1930ల దశకమున నటుడు జాన్ వేన్‌తో కలిసి ఈ పద్ధతికి మెఱుగు పెట్టెనని చలనచిత్రచరిత్రలలో ప్రసిద్ధి. అయినను రేఖ కుదిరినంత మాత్రమున దెబ్బ పుట్టదు. పిడికిలి దాటిపోవు క్షణముననే రెండవవాని మెడ తిరుగవలెను, భుజము దాని వెంట పోవలెను, కాలు తేలవలెను, ఆ తరువాత నేల. మెడ ముందుగా తిరిగినచో ప్రేక్షకుడు నవ్వును. ఆలస్యముగా తిరిగినచో దెబ్బ తగులలేదని గ్రహించును. అనగా కొట్టినవాని బలమునంతను పడినవాడు తన శరీరముతో వ్రాయుచున్నాడు. పరిశ్రమలో దీనిని 'రియాక్షన్' అందురు. హీరో చేయి ఎంత మెల్లగా కదలినను ఫైటరు పడుట చక్కగానున్నచో ఆ చేయి వజ్రాయుధమే. కొట్టువానికి తిరిగి మఱల తీయుటకు అవకాశమున్నది. పడువానికి ప్రతిసారియు నేల కొత్తదే.

పడుట యొక విద్య యని యితరదేశములవారు ముందే గుర్తించిరి. జిగోరో కానో 1882లో జపానులో స్థాపించిన జూడోలో శిష్యుడు మొదట నేర్చునది ప్రత్యర్థిని పడవేయుట కాదు, తాను దెబ్బ తగులకుండ పడుట. దానికి వారు 'ఉకెమి' యని పేరిడిరి. ఆ మాటలో స్వీకరించుట యను నర్థమున్నది. హాంకాంగులో జాకీ చాన్, సామ్మో హంగ్ మున్నగువారు పెకింగు నాటకశాలలో బాల్యముననే ఈ విద్యను నేర్చి స్టంటు పనిలోనికి వచ్చినవారు. 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్' చిత్రమున బ్రూస్ లీ చేత దెబ్బలు తిన్న ఫైటర్లలో జాకీ చాన్ ఒకడు.

తెలుగు చిత్రములలో పోరాటమునకు ప్రాధాన్యము జానపదకథలతో హెచ్చినది. 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'పాతాళభైరవి' మొదలుకొని 1960ల దశకమునందలి విఠలాచార్య చిత్రముల వఱకు కత్తియుద్ధము లేని జానపదము అరుదు. నటుడు కాంతారావునకు ప్రజలు 'కత్తి కాంతారావు' అని పేరు పెట్టుట ఆ కాలపు అభిరుచికి నిదర్శనము. మద్రాసు స్టూడియోలలో తెలుగు, తమిళ చిత్రములు ప్రక్కప్రక్కనే తయారగుచుండుటచే, కుస్తీ నేర్చినవారును, సిలంబము నేర్చినవారును, కత్తిసాము నేర్చినవారును ఒకే జట్టులో పనిచేసిరి. అందువలన తెలుగుచిత్రములోని కత్తిసాము ఏ యొక్క గరిడికిని చెందినది కాక మిశ్రశైలి యైనది. శుద్ధిని వెదకువారికి ఇది నిరాశ కలిగింపవచ్చును. కాని యక్షగానము, హరికథ మొదలైన తెలుగు ప్రదర్శనకళలన్నియు ఇట్టి మిశ్రణమువలననే బలిసినవి గదా.

బ్రూస్ లీ చిత్రముల ప్రభావముతో కరాటే పాఠశాలలు పట్టణములందు వెలసినవి. 1980ల దశకమున సుమన్, భానుచందర్ వంటి నటులు కరాటే నేర్చినవారను ఖ్యాతితోనే ప్రేక్షకుల నాకర్షించిరి. ఇచ్చట వృత్తిలో నొక చీలిక యేర్పడినది. యుద్ధవిద్య నేర్చిన హీరోకు ఆ విద్య భూషణము; అదే విద్య నేర్చి ఫైటరుగా చేరినవానికి అది మొదట ప్రతిబంధకము. శిక్షితుని దెబ్బ వేగముగాను, పొట్టిగాను, సూటిగాను ఉండును. కెమెరా దానిని పట్టుకొనజాలదు. తెరమీద దెబ్బ పెద్దదిగా, వంపుగా, దూరమునుండి వచ్చినట్లుగా నుండవలెను. పదియేండ్లు నేర్చిన పొదుపును వదలి దుబారాను అలవఱచుకొనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అంతకంటె కష్టము, గెలుపు నేర్చినవాడు దినదినము ఓడుట. శరీరము సహజముగా చేయు ఆత్మరక్షణను అణచుకొని దెబ్బకు ఎదురేగవలెను.

ఈ మార్గమున నడచి పైకివచ్చిన తెలుగువారిలో శ్రీహరి (1964-2013) ప్రత్యేకముగా చెప్పదగినవాడు. హైదరాబాదు బాలానగరమున పెరిగి, జిమ్నాస్టిక్సులో పేరు గడించి, ఫైటరుగా చిత్రములలో ప్రవేశించెను. పిదప చిన్నవేషములు, ప్రతినాయకపాత్రలు, 1999లో 'పోలీస్' చిత్రమున నాయకపాత్ర. 2001లో వచ్చిన 'భద్రాచలం' టైక్వాండో పోటీలను కథావస్తువుగా గ్రహించిన చిత్రము. దానిలో ఫైటరుగా మొదలైన శ్రీహరి యుద్ధక్రీడాకారుడగు నాయకుని ధరించుట వృత్తిచరిత్రదృష్ట్యా అర్థవంతమైనది. తరువాతి సహాయపాత్రలలో, ముఖ్యముగా 2005 నాటి 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా'లో అన్నపాత్రయందును, 2009 నాటి 'మగధీర'లో షేర్‌ఖాన్ పాత్రయందును, ఆయన నిలుచుటలోనే ఒక బరువు కనబడును. చేయి యెత్తకయే బలమును సూచించుట ఆ నిలుకడలోని విశేషము. ఫైటరుగా ఎన్నిమారులో పడినవానికి గాని నేలమీద అట్లు నిలుచుట తెలియదు.

శ్రీహరి ఫైటరు వృత్తిని దాటి నటుడైనవాడు. ఆ వృత్తిలోనే యుండి దాని శిఖరమును చేరినవారు రామ్-లక్ష్మణ్ సోదరులు. వీరు కవలలు. స్వగ్రామము కారంచేడు, పూర్వము ప్రకాశం జిల్లాలో నుండి 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరిన గ్రామము. మద్రాసు చేరి ఫైటర్లుగా పనిచేసి, సహాయకులై, మాస్టర్లైరి. ఇద్దరి పేర్లును కలసి ఒకే పేరుగా చిత్రశీర్షికలలో వేయబడుచున్నవి. కవలలగుట ఈ వృత్తిలో కేవలము వింత కాదు. పోరును కూర్చుటకు ఒకడు కొట్టి యొకడు పడవలెను. కూర్పు నిర్ణయమగునంతవఱకు ఇద్దరు సమబలుల శరీరములు కావలెను. వీరికి ఆ జంట పుట్టుకతోనే యేర్పడినది.

2018లో త్రివిక్రమ్ దర్శకత్వమున వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' చిత్రపు పోరాటములు వీరివే. ఆ చిత్రమున పెనుపోరు కథాంతమున కాక ఆరంభముననే జరుగును. తండ్రి కన్నులయెదుట హతుడు కాగా కథానాయకుడు వెంటాడినవారిని నఱకును. ఆ తరువాతి కథయంతయు కత్తి మానుకొను ప్రయత్నమే. ఇట్టి నిర్మాణమున మొదటి పోరు ఉల్లాసము కలిగించిన కథ చెడును. ప్రేక్షకునకు అలసటయు, రోతయు కలుగవలెను. ఇక చాలునని తోచవలెను. ఆ పోరులో దెబ్బలు బరువుగా పడును, ఊపిరి వినబడును, గెలుపులో వెలుగు లేదు. మాటలలో చెప్పిన పోరువిముఖతకు ఆధారము పోరులోనే అమర్చబడినది. ఫైట్ మాస్టరు కథకునకు సహరచయిత కాగలడనుటకు ఇంతకు మించిన ఉదాహరణము తెలుగులో సులభముగా దొరకదు. పరిశ్రమలో పోరును 'కంపోజ్' చేయుట యందురు. పాటకు బాణీ కట్టుటకు వాడు మాటయే ఇది. విమర్శకులు పాటను విశ్లేషించినంతగా పోరును విశ్లేషింపకపోవుట లోపమే.

వృత్తిపదములలో మఱి రెండు చెప్పవలసియున్నవి. ప్రమాదకరదృశ్యములలో హీరోకు బదులుగా నిలుచువాడు 'డూపు'. ఆ మాటలో నకలు అను భావమే గాని మనిషి లేడు. అతని ముఖము కనబడకుండుటయే పనికి గీటురాయి. ఇక 'స్టంటు' తెలుగులోనికి వచ్చి సాహసకార్యమను నర్థముతో పాటు బూటకమను నర్థమును సంపాదించినది. ఎన్నికల స్టంటు అన్నప్పుడు వినువానికి తోచునది ప్రాణాపాయము కాదు, నటన. ప్రాణము పణముగా పెట్టిన పనికి పేరైన మాట బూటకమునకు పర్యాయపదమగుట, ఆ పని ఎంత చక్కగా దాచబడినదో తెలుపుచున్నది.

దాచబడనిది యొకటి కలదు. సోవియట్ సహకారముతో 1955లో కుదిరిన ఒప్పందము ననుసరించి నిర్మితమై, 1959లో మొదటి ఊదుకొలిమి పనిచేయనారంభించిన భిలాయి ఉక్కు కర్మాగారమునకు ఉత్తరాంధ్రమునుండి పెక్కు కుటుంబములు వలసపోయినవి. సాముగరిడి సజీవముగానున్న సీమ అది. భిలాయిలో రుఆబాంధా వంటి వాడలలో స్థిరపడిన ఇట్టి కుటుంబములలో తెలుగు ఇంటిమాటగా మిగిలి, చదువు హిందీలో సాగుట సామాన్యము. అట్టివారి పిల్లలకు తెలుగు చిత్రములు హిందీ అనువాదరూపమున సులభముగా లభించుచున్నవి. 'బాహుబలి' రెండవ భాగము (2017), 'పుష్ప' (2021), 'ఆర్ఆర్ఆర్' (2022) ఇట్లు హిందీలో విస్తారముగా ప్రచారము పొందినవే. ఈ యనువాదమున సంభాషణ మారును, పాట మారును, హీరో కంఠము సైతము మారును. మారనిది పోరు. తెలుగు ఫైట్ మాస్టరు కూర్చిన కూర్పు ఒక్క కదలికయైనను మారక హిందీ ప్రేక్షకుని చేరుచున్నది. అందులో తెలుగుతనమును సూచించు గుర్తులును గలవు. 1999 నాటి 'సమరసింహారెడ్డి' తరువాత వెల్లువెత్తిన కక్షల చిత్రములలో తొడ గొట్టుట, మీసము దువ్వుట, జబ్బ చఱచుట సవాలునకు సంకేతములైనవి. ఇవి సినిమా పుట్టించినవి కావు. మల్లయుద్ధపు బరిలో దిగువాడు చేయు చేష్టలు. 'బరిలో దిగు', 'మట్టి కరపించు', 'జబ్బ చఱచు' అను పలుకుబడులలో ఆ బరి భాషలో నిలిచినది. చేష్టగా తెరమీద నిలిచినది. రుఆబాంధాలోని బాలునకు పలుకుబడి తెలియకపోవచ్చును, చేష్ట తెలియును. తాతలు విడిచివచ్చిన గరిడిలోని సవాలు హిందీ మాటల నడుమ అతనిని చేరుచున్నది. దెబ్బకు పెట్టు 'డిష్యుం' ధ్వని కూడ అనువాదమునకు లోబడలేదు. ధ్వన్యనుకరణశబ్దములలో ఎంతో సంపన్నమైన తెలుగు, ఫెళ్ళనియు, ఢీ యనియు గల తన మాటలను ప్రక్కకు నెట్టి, ఈ స్టూడియోశబ్దమును పిల్లల ఆటలలోనికి అనుమతించుట భాషాశాస్త్రజ్ఞులు చూడదగిన విషయము.

పోరు ఇంతదూరము పోయినను పోరినవారి పేర్లు అంతదూరము పోలేదు. జాతీయ చలనచిత్ర పురస్కారములు 1954లో మొదలైనవి. పోరాటదర్శకునకు ప్రత్యేక పురస్కారము 2016 చిత్రములకు గాను 2017లో మాత్రమే వచ్చినది. దానిని మొదట పొందినవాడు మలయాళ చిత్రము 'పులిమురుగన్'కు పనిచేసిన పీటర్ హెయిన్. తెలుగున 'మగధీర' పోరాటములకు పనిచేసినవాడును అతడే. పిమ్మట 'బాహుబలి' రెండవ భాగమునకు అబ్బాస్ అలీ మొఘల్, 'ఆర్ఆర్ఆర్'కు కింగ్ సాలమన్, 2023 సంవత్సరపు పురస్కారములలో 'హనుమాన్'కు నందు, పృథ్వీ దీనిని గ్రహించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు నంది పురస్కారములలో ఫైట్ మాస్టరుకు స్థానము కల్పింపబడియుండుట ఇచ్చట స్మరింపదగినది. అమెరికాలో యాకిమా కనట్‌కు 1967లో గౌరవ ఆస్కారు లభించినను, స్టంటు రూపకల్పనకు ప్రత్యేక ఆస్కారును ఏర్పఱచుచున్నట్లు ఆ అకాడమీ ప్రకటించినది 2025లో. 2027లో విడుదలయగు చిత్రములకు అది వర్తించును. ఆ ప్రకటనతో వెలువడిన చిత్రములలో 'ఆర్ఆర్ఆర్' దృశ్యమొకటి యుండెను.

ఈ పురస్కారములన్నియు మాస్టరువి. ఫైటరు పేరు చాలమారులు మరణముతోగాని పత్రికలకెక్కదు. 2016 నవంబరులో 'మాస్తి గుడి' అను కన్నడచిత్రము కొఱకు బెంగళూరు సమీపమున తిప్పగొండనహళ్ళి జలాశయములోనికి హెలికాప్టరునుండి దుమికి ఉదయ్, అనిల్ మునిగిపోయిరి; వారితో దుమికిన హీరో రక్షింపబడెను. 2025 జూలైలో తమిళనాడు నాగపట్టణం జిల్లాలో, కారు గాలిలోనికెగిరి బోల్తాపడు దృశ్యమును చిత్రించుచుండగా మోహన్‌రాజ్ అను స్టంటు కళాకారుడు కారులోనే మరణించెను. తెలుగు చిత్రశీర్షికలలో నేటికిని పోరాటముల క్రింద మాస్టరు పేరు, కొన్నింట సహాయకుల పేర్లు కానవచ్చును. ఫైటర్లు సాధారణముగా తమ సంఘము పేరుతో, ఒక్క పంక్తిలో, కృతజ్ఞతలలో చేరుదురు.